చేతి మీద ఆరు బన్నులు

ఆవాల సాసు మరక మహా మొండిది. సబ్బు రుద్దినా, ఎండలో ఆరేసినా పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. ప్రతి సోమవారం మొగుడు నార్మండ్ చొక్కా జేబు దగ్గర ఆ మరకని రుద్దుతూ జెర్మేన్ డోరాని తిట్టుకునేది. డోరాని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

శనివారం మధ్యాహ్నం మిల్లు వదలగానే నార్మండ్ తిన్నగా వంతెన పక్కన, బన్నులో మాంసం సాసేజ్ పెట్టి అమ్మే డోరా హాట్ డాగ్ కొట్టుకి వెళ్తాడు. పెళ్ళికి ముందు నుంచీ అంతే. ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దుటి నుంచీ ఓవెన్‌లో పందికొవ్వుతో మగ్గబెట్టిన చిక్కుడుగింజలు సాయంత్రం అతని ముందు పెడితే, రెండు చెంచాలు కెలికి తోసేస్తాడు. "కడుపులో చోటు లేదు. ఆ డోరా చేతిలో ఏం మహిమ ఉందో గానీ, మూడు తిన్నా ఇంకోటి తినాలనిపిస్తుంది." తోసిన పళ్ళెం తోసిన చోటే ఉంటుంది. అత్తగారు బతికున్న రోజుల్లో అదే బల్ల దగ్గర కూర్చుని అనేది, "మగాడు బయట తింటున్నాడంటే లోపం బయట ఉండదమ్మాయ్" అని. ఆవిడ పోయింది, మాట పోలేదు. అదీ మరకే.

"నన్నూ ఓసారి తీసుకెళ్ళు" అంటే, "మిల్లువాళ్ళు మోచేతులు రాసుకుంటూ తినే చోటది. అక్కడ నువ్వేం చేస్తావ్?" అనేవాడు. అంటే అక్కడేదో ఉందన్నమాటే. జెర్మేన్ తన మనసులో డోరాకి సన్నటి నడుమూ ఎర్రటి పెదాలూ పెట్టింది. బట్టలు ఉతికినప్పుడల్లా ఆ నడుం ఇంకాస్త సన్నబడేది.

ఒక శనివారం ఓవెన్ వెలగలేదు. తిండికి వేరే గతిలేక, మిల్లు వదిలాక నార్మండ్ గొణుక్కుంటూ ఇంటికొచ్చి ఆమెని ట్రక్కు ఎక్కించుకున్నాడు.

కౌంటరు వెనక డోరా కనిపించింది. అరవై దాటిన మనిషి. లావుపాటి కళ్ళద్దాలు, వాచిన పాదాలు. మొగుడు పోయాక కొట్టు తనే నడుపుకుంటోంది. ఎడమ చెయ్యి చాపి, మణికట్టు నుంచి మోచేతి దాకా ఆరు బన్నులు వరసగా పేర్చుకుని, కుడిచేత్తో సాసేజ్‌లు, ఆవసాసు, మాంసం సాసు, ఉల్లిముక్కలు చకచకా వేసుకుపోతోంది. జెర్మేన్‌కి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఈవిడ మీదా తను కుళ్ళుకుంది?

అసలు కుళ్ళు అప్పుడే మొదలైంది. నార్మండ్ తినడం అయ్యాక లేచాడు. తన ప్లేటు పక్కవాడి ప్లేటులో పెట్టి, కాగితంతో బల్ల తుడిచి, ఆ రెండూ పట్టుకెళ్ళి కౌంటరు మీద పెట్టాడు.

"థాంక్స్ తల్లీ! నీ చేతికి దండం పెట్టాలి."

"చాల్లేవయ్యా, పైవారం రా" అంది డోరా.

జెర్మేన్ తింటున్నది ప్లేటులో పెట్టేసింది. సన్నటి నడుమే అయితే ఓ రాత్రి ఏడ్చి ఊరుకునేది. ఇది అంతకంటే ఘోరం. ఇన్నేళ్ళూ ఇంట్లో వెతికినా దొరకని మొగుడు ఇక్కడ దొరికాడు. పళ్ళెం ఎత్తడం వచ్చినవాడు, బల్ల తుడవడం వచ్చినవాడు, థాంక్స్ అనడానికి నోరు తిరిగేవాడు. తనకి రావలసిన మాటలన్నీ వారం వారం తెచ్చి ఇక్కడ ఇచ్చిపోతున్నాడు. ఆ వాచిన పాదాల ముసలమ్మని చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ చోటు తనకి కావాలి. ఆ కౌంటరు వెనక చోటు.

నార్మండ్ ట్రక్కు తియ్యడానికి బయటికి వెళ్ళాడు. కౌంటరులో మనిషి కావాలని అద్దం మీద కాగితం అంటించి ఉంది.

"నేను చేస్తాను" అంది జెర్మేన్.

డోరా కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మీ ఆయన్ని అడగక్కర్లేదూ?"

"ఆయన నన్ను అడిగి తింటున్నాడా?"

డోరా పకపకా నవ్వింది. "ఏదీ, చెయ్యి చాపు."

జెర్మేన్ స్వెటరు పైకి మడిచింది. బట్టలు పిండి, రొట్టెపిండి పిసికి గట్టిపడ్డ చెయ్యి. డోరా దాని మీద బన్నులు ఒక్కొక్కటే పేర్చింది. ఆరూ నిలబడ్డాయి.

"సోమవారం వచ్చెయ్" అంది.

ఆ వారమంతా నార్మండ్ మిల్లుకి వెళ్ళగానే ఆమె కొట్టుకి వెళ్ళి పని నేర్చుకుంది. ఇంట్లో చెప్పలేదు. దాచవలసిన అవసరమూ రాలేదు. పగలంతా ఆమె ఏం చేస్తుందో అతను ఏనాడూ అడిగినవాడు కాదు.

శనివారం మిల్లు వదిలింది. కొట్టు కిటకిటలాడిపోతోంది. నార్మండ్ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని పేపరు విప్పాడు.

"మూడు. అన్నీ వేసి" అన్నాడు తలెత్తకుండానే.

జెర్మేన్ మూడూ తెచ్చి ముందు పెట్టింది.

"థాంక్స్ తల్లీ."

అప్పుడు తలెత్తాడు. పేపరు జారి కింద పడింది.

"నువ్వా! మరి ఇంట్లో చిక్కుడుగింజలు?"

జెర్మేన్ అప్పటికే చెయ్యి చాపి తర్వాతి ఆరు బన్నులూ పేర్చుకుంటోంది. ఒక్కటీ కదల్లేదు.

"తిన్నాక ప్లేటు తెచ్చి ఇక్కడ పెట్టు, నార్మండ్. ఇకనుంచి ఇంట్లో కూడా."