సారె చెంబు

నేను ఒక మరచెంబును. ఈ కాలం పిల్లలకు నా పేరు చెబితే నోరెళ్లబెడతారు గానీ, ప్లాస్టిక్ సీసాలు పుట్టకముందు ప్రయాణమంటే నేనే. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, మెడకు మర, మరకు మూత. బండి ఎంత కుదిపినా చుక్క నీరు ఒలకనివ్వను. నన్ను నేనే పొగుడుకుంటున్నాననుకోకండి. పొగిడేవాళ్లు చాలాకాలం దొరకలేదు, అందుకని.

పుట్టింది సిక్కోలు పక్కన బుడితిలో, కంచరివాళ్ల కొలిమి దగ్గర. నన్నూ, నాకు జోడుగా ఒక ఇత్తడి పళ్లేన్నీ చింతాడ లచ్చన్న అనే ఆయన కొన్నాడు. మేనకోడలు పోలమ్మ పెళ్లికి సారెగా ఇవ్వడానికట. కొన్నవాడు ఊరుకుంటాడా? మా ఇద్దరి మీదా పేరు కొట్టించాడు. పోలమ్మ పేరు కాదు, తన పేరు. మనవాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది! పెళ్లికిచ్చిన గిన్నె మీద పెళ్లికూతురి పేరుండదు, ఇచ్చినవాడి పేరుంటుంది. అన్నం ఆవిడ తినాలి, కీర్తి ఈయనకు రావాలి. పేరు కొట్టినవాడు చివర్న ఒక పువ్వు కూడా వేశాడు. ఉలి జారి ఆ పువ్వుకు ఒక రేకు తక్కువైంది. పళ్లెం మీద కూడా అంతే, అదే రేకు తక్కువ. చెయ్యి ఒకటే కదా.

పోలమ్మ మొగుడు బొమ్మాళి గురువులు. చేయడానికి పొలం లేక పట్టాళంలో చేరాడు. బయల్దేరిన రోజు పోలమ్మ, చంకలో పసిపిల్ల తవిటమ్మతో గుమ్మంలోకి వచ్చి, నన్ను నీళ్లతో నింపి, మూత బిగించి అతని చేతిలో పెట్టింది.

"నా సారె సెంబు ఇది. ఎనక్కి తెచ్చియ్యాల" అంది.

అతను నవ్వి తలూపాడు. భార్యకు ఇచ్చిన మాట అంత బరువుంటుందని అప్పుడు అతనికి తెలియదు, నాకూ తెలియదు.

ఓడ ఎక్కాం, మలయాలో దిగాం. అక్కడ దొరలు ఓడిపోయారు, మనవాళ్లు జపాను వాళ్ల చేతికి చిక్కారు. ఓడింది ఒకరు, చెరపడింది ఇంకొకరు. యుద్ధంలో మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి. బందీలను మళ్లీ ఓడలో కుక్కి, సముద్రం మధ్య ఒక దీవిలో దింపారు. పగలంతా విమానాల కోసం నేల చదును చేయడం, పూటకు గుప్పెడు బియ్యం. బందీలు కంచె దగ్గరకు వెళ్లి, బెల్టులూ దుప్పట్లూ ఆఖరికి ఉంగరాలూ ఆ దీవి వాళ్లకిచ్చి దుంపలు తెచ్చుకునేవారు. ఒకనాడు ఒకాయన నన్ను చూసి ముచ్చటపడి, బుట్టెడు దుంపలు ముందుంచాడు. గురువులు కళ్లు ఆ బుట్ట మీదే ఉన్నాయి. పక్కనున్న తమిళ సిపాయి, ఇచ్చెయ్యమని మోచేత్తో పొడిచాడు.

"ఇది నాది కాదురా. మా ఆడదాని సారె సెంబు" అన్నాడు గురువులు. నన్ను ఒళ్లోకి తీసుకుని వెనక్కి వచ్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఇత్తడి ముక్క కోసం కడుపు మాడ్చుకుంటావా అని తిడదామనుకున్నాను. నాకు నోరైతే ఉంది గానీ మూత బిగించి ఉంది.

వానాకాలం జ్వరానికి గురువులు పోయాడు. అప్పుడు నన్ను అమ్ముకున్నా అడిగే దిక్కు లేదు. అయినా ఆ ఆకలిగొన్నవాళ్లు నన్ను అమ్మలేదు. తమిళ సిపాయి నా నిండా నీళ్లు పోసి, మూత బిగించి, మిత్రుడి తల పక్కన పెట్టి మట్టి కప్పాడు. మనుషుల మీద నాకు ఎప్పుడు చిరాకు పుట్టినా ఆ చేతులు గుర్తుచేసుకుంటాను.

ఏళ్లు గడిచాక రోడ్డు వేయడానికి తవ్వుతుంటే బయటపడ్డాను. గురువులు ఎముకల్ని అక్కడి వాళ్లు మర్యాదగా మళ్లీ పూడ్చి, నన్ను ఊళ్లోని చిన్న మ్యూజియంలో పెట్టారు. ఆ దారిన వచ్చిన ఒక తెలుగు డాక్టరు నా మీది పేరు చదివాడు. స్టీలు గిన్నెల కాలంవాడు, అది ఎవరి పేరని ఆలోచించలేదు. ఇంకేముంది, "బందీగా మరణించిన వీరుడు చింతాడ లచ్చన్న" అని అట్ట వేలాడదీశారు. ఏటేటా పూలు, రెండు నిమిషాల మౌనం. సముద్రం ముఖం చూడని లచ్చన్న, పనసకాయ కూర తిని సొంత మంచం మీద కన్నుమూసిన లచ్చన్న, అక్కడ అమరుడైపోయాడు!

ఇక ఊళ్లో సంగతి. ఇది ఇంటికొచ్చాక విన్నాను. గురువులు రంగంలో, అదే రంగూన్‌లో, ఇంకో ఆడదాన్ని కట్టుకుని ఉండిపోయాడని ఊరు తేల్చేసింది. పోలమ్మ చివరిదాకా బొట్టు తీయలేదు, మాట పడటమూ తప్పలేదు. తవిటమ్మ తండ్రి వదిలేసిన పిల్లగానే పెరిగి, ముసలిదైంది. ఆవిడకు కావలసింది ఒక్క జవాబు: మా అయ్య రాలేకపోయాడా, రాకుండా పోయాడా?

ఆ జవాబు కోసం తిరిగింది ఆవిడ కూతురు రోహిణి. విశాఖపట్నంలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. రాసిన ప్రతి ఆఫీసూ ఆచూకీ లేదనే చెప్పింది. అంతలో మ్యూజియం వాళ్లు నా ఫొటో ఇంటర్నెట్‌లో పెట్టారు. లచ్చన్న పేరుతో సిపాయి ఎవరూ దొరకడం లేదు, బంధువులుంటే చెప్పండని. చింతాడ వారు అమ్మమ్మ మేనమామలు కదా అని రోహిణి ఆ ఫొటో తల్లికి చూపించింది.

తవిటమ్మ పేరు వైపు చూడనే లేదు. పువ్వును పెద్దది చేయమంది. లోపలికెళ్లి, ఆవకాయ జాడీ మీద మూతగా ఉన్న ఇత్తడి పళ్లెం తెచ్చి ఫోను పక్కన పెట్టింది. రెండింటికీ అదే రేకు తక్కువ.

రోహిణి ఫొటో కింద రాసింది చదివింది. బందీలు ఉన్నదంతా తిండికి మార్చుకున్నారనీ, ఈ చెంబు మాత్రం ఒకరి తల పక్కన దొరికిందనీ. తవిటమ్మ పళ్లేన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఆకలితో సచ్చిపోనాడు గానీ మాయమ్మ సారె సెంబు అమ్ముకోనేదు" అంది. "అలాటోడు మమ్మల్ని ఒగ్గేస్తాడేటే?"

అని ఏడ్చింది. అది దుఃఖం కాదు, పుట్టినప్పటినుంచీ మోసిన బరువు దిగడం.

రోహిణి దీవికి వచ్చింది. అక్కడెవరికీ నా తల తిరుగుతుందని తెలియదు, అలంకారం అనుకున్నారు. ఆమె వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి మూత తిప్పింది. లోపల ఉత్తరం ఉంటుందని ఎదురుచూస్తున్నారేమో, ఏమీ లేదు. నీళ్లు ఇంకిన చార ఉంది, అంతే. ఆమె తాతను పూడ్చిన చోటి మట్టి నాలో నింపుకుంది. అట్ట మీద గురువులు పేరు రాయించింది. నా బదులు, లచ్చన్న పేరున్న ఆ పళ్లెం ఇచ్చి వచ్చింది. కాబట్టి లచ్చన్నకు పూలేమీ తగ్గలేదు, కంగారు పడకండి.

మట్టిని వంశధారలో కలిపి, గురువులుకు జరగాల్సినవన్నీ జరిపించారు. తరువాత తవిటమ్మ నన్ను చింతపండుతో తోమి, నీళ్లు నింపి, తల్లి ఫొటో ముందు పెట్టింది.

"అమ్మా, అయ్య నీ సెంబు ఎనక్కి తెచ్చినాడే" అంది.

ఆ రోజు నా మూత ఎవరూ బిగించలేదు.