తెరకు వీపు

ఖాసిం చివరి వరుస బెల్టు కూడా లాగి చూసి, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. కుడి చెయ్యి ఎర్ర స్విచ్చు మీద ఉంది. లైట్లు ఆరాయి, కుర్చీలు ఊగాయి. తెర మీద బండి లోయలోకి దూకగానే జనం కెవ్వుమన్నారు.

2002లో హిందూపురం ఎగ్జిబిషన్‌కు ఈ కదిలే కుర్చీల సినిమా కొత్త. ఖాసిం మాత్రం దాన్ని ఒక్కసారీ చూడలేదు. అతని ఉద్యోగమే జనం మొహాలు చూడటం. కుర్చీలో కూర్చున్నవాళ్లు తామున్నది రేకుల డబ్బాలో అన్న సంగతి మరిచిపోయి, లేని లోయకు నిజంగానే భయపడతారు. కొందరికి ఆ భయం ముద్దు, కొందరికి ప్రాణం మీదికొస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి యజమాని చెన్నప్ప మొదటిరోజే ఒక సులువు చెప్పాడు.

"పండ్లు కనపడితే కుశాలగా ఉండారని లెక్కప్పా, ఆడనీ. మూతి బిగబట్టినారంటే మాత్రం నిలిపెయ్."

అది ఎప్పుడూ తప్పలేదు. మీసాలు మెలేసిన మొనగాళ్లే ముందు మూతి బిగించేవాళ్లు. ఖాసిం స్విచ్చు నొక్కితే, కరెంటు పోయిందని తిట్టుకుంటూ దిగేవాళ్లు. భయపడ్డామని ఒక్కడూ ఒప్పుకోలేదు.

ఇంట్లో ఆ చదువు పనికిరాలేదు. కొడుకు షాకిర్ బుక్కపట్నం చెరువులో మునిగిపోయినప్పటి నుంచి భార్య జైనాబీ మొహంలో కదలిక లేదు. ఏడవనైనా లేదు. వండుతుంది, పెడుతుంది, పడుకుంటుంది. ఆ మొహం చూడాలంటే ఖాసింకు భయం. ఏడుపైనా సరే, ఒక్కసారి కదిలితే చాలనుకున్నాడు. అందుకే ఈరోజు ఆమెను ధర్మవరం నుంచి రైల్లో తీసుకొచ్చాడు. పెనుకొండ దాటినప్పటి నుంచి ఆమె ఎడమ భుజం రుద్దుకుంటూనే ఉంది. పనినొప్పి అనుకున్నారిద్దరూ.

"నాకెందుకు ఇయన్నీ?" అంది ఎక్కేముందు.

"ఊరికే కూచో. నేను ఎదురుగానే ఉంటా."

ఇప్పుడు అన్ని మొహాల మధ్య ఖాసిం ఆ ఒక్క మొహమే చూస్తున్నాడు. చాలాసేపు అది ఎప్పటిలాగే ఉంది. ఆఖరి మలుపులో కళ్లు చిన్నవయ్యాయి, బుగ్గలు పైకి లేచాయి, పెదాలు విడిపోయి పళ్లు కనిపించాయి.

ఇన్నేళ్లలో అంత సంతోషం ఖాసింకు తెలియదు. స్విచ్చు మీది చెయ్యి తీసి కళ్లు తుడుచుకున్నాడు. లైట్లు వెలగకముందే మెషీన్ గదిలోకి కేకేశాడు.

"అన్నా, ఇంగొక తూరి ఆడించు! నా పెండ్లాం నవ్వుతాండాది!"

జనం ఈలలు వేశారు. రెండో ఆటలో కుర్చీ ఎటు ఊగితే ఆమె అటే ఒరిగింది. పళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

లైట్లు వెలిగాయి. అందరూ దిగిపోయాక ఖాసిం వంగి ఆమె బెల్టు విప్పాడు.

"దిగు జైనాబీ" అన్నాడు. మళ్లీ అన్నాడు.

ఆమె అతని భుజం మీదికి వాలిపోయింది. ఊపిరి లేదు. అది నవ్వు కాదని, నొప్పి అని, నిలపాల్సిన చెయ్యి తనదేనని ఖాసింకు అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు. చెన్నప్ప పరిగెత్తుకొచ్చి "ఏమైందప్పా?" అని కుదిపినా అతని మొహంలో ఏమీ కదల్లేదు.

ఆటోలో ఆమెను తీసుకుపోయారు. ఇనప మెట్ల కింద, అందరూ చెప్పులతోనే ఎక్కే చోట, ఎవరింటికో వచ్చినట్టు ఆమె విడిచిన చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.