మోచేతి దిండు

పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుంది ఆయమ్మ. తర్వాత కుర్చీ కుడిచేతి మీద దిండు సర్దింది. రెండు అరచేతులంత దిండు. ఎవరో పారేసిన కోటు గుడ్డతో ఆమే కుట్టుకున్నది. పిల్లల్ని చూసుకునే పనిలోకి వచ్చిన తొలి ఏడాది నుంచీ అది ఆమె సంచిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. పదకొండు ఇళ్ళు, పదకొండుమంది పిల్లలు. పైగుడ్డ నాలుగుసార్లు మారింది కానీ లోపలి దూది అదే. మధ్యలో ఆమె మోచేయి పట్టేంత గుంట పడింది.

కర్రతొట్టిలో ఆరు నెలల బుడ్డోడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. నెత్తిన తెల్లటి హెల్మెట్. నిన్ననే తెచ్చారు. వాడి తల వెనక ఎడమవైపు, పిండిముద్దను బల్లకు అదిమినట్టు చదునుగా ఉంది. ఎముక ఇంకా లేతది కాబట్టి, ఈ డొప్ప లోపల తల మెల్లగా గుండ్రపడుతుందట. ఇవాళ గంటసేపు పెట్టి గంటసేపు తీయాలి. వారం తిరిగేసరికి రోజుకు ఇరవైమూడు గంటలు నెత్తిన ఉండాల్సిందే.

"బండి కొనకముందే హెల్మెట్ కొన్నాం," అని వాళ్ళ నాన్న గుమ్మంలో బూట్లు వేసుకుంటూ నవ్వాడు. భార్య నవ్వలేదు. ఆమె ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తోంది.

"ఆయమ్మా, ఇదొకసారి చూడండి. అన్నీ డాక్టరు చెప్పినవే. తీసినప్పుడల్లా లోపల స్పిరిట్‌తో తుడవాలి. ఎక్కడైనా ఎర్రబడితే గంటలో తగ్గాలి, తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి. నాలుగోది చూశారా? అదే ముఖ్యమట."

నాలుగోది పాల సంగతి. ఒకసారి కుడిచేతి మీద పడుకోబెట్టి పట్టాలి, ఒకసారి ఎడమచేతి మీద. ఎప్పుడూ ఒకే చేయి అయితే బిడ్డ ఒకే వైపు చూడటానికి అలవాటు పడతాడు. తొట్టిలో వేసినా మెడ అటే తిరుగుతుంది, తల అటే చదునవుతుంది.

"సరేనమ్మా," అంది ఆయమ్మ. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక కూడా ఆమె కాగితం మీది ఆ నాలుగో వరుస దగ్గరే నిలబడి ఉంది.

ఆమె ఎడమ భుజం పందొమ్మిదో ఏట ఆగిపోయింది. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం పైపలక జారి మీద పడింది. కట్టు విప్పాక చూస్తే చేయి ఉంది, సత్తువ లేదు. సీసా పట్టుకుంటుంది, గుండీలు పెడుతుంది. బరువు వేస్తే మాత్రం చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. భోజనాల వేళకు వచ్చి, పని వేళకు మాయమయ్యే చుట్టంలాంటి చేయి. ఈ సంగతి ఏ ఇంట్లోనూ చెప్పలేదు. చెయ్యి లేవని ఆయాను ఎవరు పెట్టుకుంటారు? అబద్ధమూ ఆడలేదు. ఎవరూ అడగలేదు, అంతే. ఆ 'అంతే' మీదే ముప్పైమూడేళ్ళు బతికింది. మధ్యలో పెళ్ళయింది, పిల్లలు పుట్టలేదు, ఆయన పోయాడు.

పొద్దుటి పాలు అలవాటుగా కుడిచేతి మీదే పట్టింది. బుడ్డోడు సీసా చీకుతూ ఎడమకు మెడ తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. రెప్ప కూడా వేయడు. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమ అనుకుంది. ప్రేమే కావచ్చు. అంతసేపు అంత నమ్మకంగా చూసినందుకే తల చదునైందేమో.

హెల్మెట్ తీసిన గంటలో వాణ్ణి తోపుడుబండిలో వేసుకుని స్పిరిట్ కోసం మందుల షాపుకు వెళ్ళింది. కౌంటరు వెనకున్న కళ్ళజోడు మనిషి ఆమె పెంచిన నాలుగోవాడు.

"ఏం ఆయమ్మా, కొత్త గిరాకీనా?" అని బండిలోకి తొంగిచూశాడు. పక్కన మందులు కొంటున్న పెద్దాయనతో, "నన్ను పెంచింది ఈవిడేనండీ. నా అంత బుద్ధిమంతుడు మళ్ళీ దొరకలేదట," అన్నాడు.

"నీ అంత ఏడుపుగొట్టు దొరకలేదు," అంది ఆయమ్మ.

వాడు పకపకా నవ్వాడు. నవ్వితే కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగింది. వేలితో పైకి తోసుకున్నాడు. అది మళ్ళీ ఒరిగింది.

"ఎన్ని మార్చినా ఇంతే ఆయమ్మా. కళ్ళజోళ్ళ షాపాయన తేల్చేశాడు. తప్పు ఫ్రేముది కాదయ్యా, నీ చెవులే ఒకటి ముందూ ఒకటి వెనకా ఉన్నాయన్నాడు."

ఎడమచెవి ముందుకు ఉంది, అచ్చం బుడ్డోడిదిలాగే. వేలెడు కూడా లేదు తేడా, వెతికితే తప్ప కనిపించదు. ఆమెకు కనిపించింది. స్పిరిట్ సీసా తీసుకోకుండానే మెట్లు దిగబోతే వాడే పిలిచి చేతిలో పెట్టాడు.

దారిలో మిగిలినవాళ్ళ తలలను గుర్తు చేసుకోబోయింది. తలలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. వచ్చినవి ముఖాలే, అన్నీ ఒకే పక్క నుంచి, అన్నీ కిందినుంచి ఆమెకేసి చూస్తూ.

మూడు గంటల పాలకు హెల్మెట్ పెట్టి, దిండును కుర్చీ ఎడమచేతి మీదికి మార్చింది. ముప్పైమూడేళ్ళలో అది మొదటిసారి. బుడ్డోడు అలవాటుగా ఎడమకు తిరిగాడు. ఆమె ముఖం ఉండాల్సిన చోట గోడ ఉంది. కాసేపు వెతుక్కున్నాడు. చివరికి మెడ ఇటు తిప్పి, ఆమెను కనిపెట్టి, సీసా అందుకున్నాడు. భుజంలో సన్నగా వణుకు మొదలైంది. ఇంకొక్క గుక్క, ఇంకొక్కటి, అని చేతిని బతిమాలుకుంది. చేయి వినలేదు.

ఠక్.

హెల్మెట్ కుర్చీ చెక్కకు కొట్టుకుంది. కుడిచేయి సీసాను వదిలేసి బిడ్డ నడుం దగ్గర పట్టేసింది. పాలు దిండు మీద చింది, నేలంతా పారాయి. బుడ్డోడు రెండుసార్లు కళ్ళు ఆర్పి, ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వాడు. ఆమె వాణ్ణి గుండెకు అదుముకుని అలాగే కూర్చుంది. నెత్తిన ఆ డొప్ప లేకపోయి ఉంటే?

తెల్లటి హెల్మెట్ మీద గోరంత గీత, అందులో కుర్చీ రంగు. స్పిరిట్‌తో తుడిస్తే రంగు పోయింది. గీత పోలేదు. తొట్టి కర్రకు కొట్టుకున్నాడని చెబుదామనుకుంది.

సాయంత్రం ఇంటావిడ వస్తూనే బిడ్డను ఎత్తుకుని, హెల్మెట్‌కు నుదురు ఆనించింది. గీతను చూడలేదు.

"మా అత్తగారు ఫోన్ చేశారు ఆయమ్మా. మూడో నెలకే వదిలేసి ఆఫీసుకు పోతే తల అలా కాక ఇంకెలా అవుతుందన్నారు. నేను ఇంట్లో ఉంటే ఇలా అయ్యేది కాదు కదా?"

"ఊరుకోండమ్మా, ఏం కాదులెండి," అంది ఆయమ్మ. ఏ గాయానికైనా సరిపోయే మాట, ఏ గాయాన్నీ మాన్పదు.

సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఒక చెప్పు వేసుకుంది. లోపలి నుంచి, "నావల్లేరా నాన్నా, అంతా నావల్లే," అని వినిపించింది. రెండో చెప్పు కాలి ముందే ఉంది. కాసేపు దాన్నే చూసింది. వేసుకున్నది కూడా విడిచి లోపలికి వచ్చింది.

"మీవల్ల కాదమ్మా. నా ఎడంచెయ్యి లేవదు."

"ఏంటి?"

"బరువు మొయ్యదు. ఇప్పటిది కాదు, చిన్నప్పటి దెబ్బ. ఈ మూడు నెలలూ వాడికి ఒక్క చేతిమీదే పాలు పట్టాను. ఇవాళ రెండోదాని మీద పట్టబోయి జారవిడిచాను. ఇదిగో, ఇక్కడ గీత."

ఇంటావిడ గీతను వేలితో తడిమింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే పెట్టుకునేవారా?"

ఇంటావిడ ముఖంలోకి కోపం రావడానికి ఇంకా వ్యవధి ఉంది. అంతకన్నా ముందు భుజాలు కిందికి దిగాయి, మోస్తున్నదేదో దించేసినట్టు. ఆయమ్మ అది చూసింది. తన కూలి తనకు ముట్టినట్టే అనిపించింది.

"రేపు నేను సెలవు పెడతాను," అంది ఇంటావిడ, బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుని. "తర్వాత సంగతి ఫోన్ చేస్తాను."

"అలాగేనమ్మా."

ఇంటి తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టింది. ఫోన్ రాదని ఇద్దరికీ తెలుసు. బిడ్డ తల్లి భుజం మీద ఎడమకు ఒరిగి ఉన్నాడు. ఆయమ్మ చుట్టూ తిరిగి వాడి కుడివైపుకు వెళ్ళి నిలబడింది.

"వస్తానురా బుడ్డోడా."

వెళ్ళిపోయేవాళ్ళు కూడా వస్తాననే అంటారు. బుడ్డోడు బరువైన తలను మెల్లగా, మెల్లగా ఇటు తిప్పి, ఆమెకేసి చూశాడు.

వీధి మలుపు దగ్గర సంచి తేలిగ్గా తోచి లోపల చేయి పెట్టి చూసుకుంది. వెనక్కి వెళ్ళలేదు.

దిండు కుర్చీ ఎడమచేతి మీదే ఉండిపోయింది. ఎంత తట్టినా పైకి లేవని ఆ గుంటలో, మధ్యాహ్నం ఒలికిన పాలు ఆరి, చుట్టూ తెల్లటి అంచు కట్టాయి.