కిటికీ సందుల్లో గుడ్డలు

తొంభై రెండో సంవత్సరం శ్రావణంలో సిద్దిపేటను ముసురు వదలలేదు. పెద్దబిడ్డ స్వరాజ్యలక్ష్మికి కాన్పయి తొమ్మిదో రోజు. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కాను. నా తొలిచూలు కొడుకు ఇలాంటి ముసురులోనే తొమ్మిదో రోజు పోయాడు. చలిగాలి సోకిందంది మా అత్త. అప్పటినుంచి గాలంటేనే నాకు వణుకు.

చిన్నబిడ్డ కన్యక హైదరాబాదులో రీసెర్చ్ చేస్తుంది. సెలవుకు వస్తూ తను తయారుచేస్తున్న పరికరం తెచ్చింది. రూపాయంత పింగాణీ బిళ్ల, దానికి సన్నని తీగలు, ముల్లున్న మీటరు.

"కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టేదమ్మా ఇది. గా గ్యాసుకు వాసనుండది, రంగుండది. మనిషి నిద్రల్నే పోతడు."

బాలింత గది తలుపుకు అడ్డం నిలబడ్డాను. "పసిగుడ్డున్న ఇంట్లకు విషం తెస్తవా?"

"ఇది గ్యాసు ఇడువదే, పసిగడ్తది. కుక్క లెక్క."

"కుక్కయితే బయటుండాలె."

కన్యక నవ్వింది. ప్లగ్గు నడిమింట్లోనే ఉండడంతో, బాలింత గది తలుపుకు ఎదురుగా బల్లమీద పెట్టింది. బిళ్ల వేడెక్కింది. ముల్లు సున్నా దగ్గర ఆగింది.

నేను చారన్నం తీసుకుని తలుపు తెరిచాను. ముల్లు ఎగిరింది.

"చూసినవా, విషం ఇడ్సింది!" అంటూ తలుపు మూసేశాను. ముల్లు మెల్లగా దిగింది.

కన్యక ముఖం పాలిపోయింది. "మల్ల తెరువు."

తెరిచాను. మళ్లీ ఎగిరింది.

"అమ్మా, గ్యాసు లోపలుంది. కుంపటిది!"

పొద్దుటినుంచి స్వరాజ్యం తల పగిలిపోతోందంటూనే ఉంది. పిల్ల పాలు తాగలేదు. గాలి తగిలిందేమోనని నేనే ఇంకో రెండు పేలికలు కుక్కాను.

కన్యక పిల్లను ఎత్తుకుని జల్లు పడుతున్న అరుగు మీదికి ఉరికింది. స్వరాజ్యాన్ని నేను చంకలో చేయివేసి ఈడ్చుకొచ్చాను. పిల్ల మెడ వాలిపోయింది.

"ఏడువే బిడ్డా, ఏడువు!" అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపటికో మూలిగింది. ఆపైన గుక్కపట్టి ఏడ్చింది.

రిక్షాలో దవాఖానకు పోయాం. ఇద్దరికీ ప్రాణభయం లేదంది డాక్టరమ్మ. నేను మాత్రం పిల్ల అరికాళ్లు రుద్దడం ఆపలేదు.

"ఇంకేందమ్మా భయం?" అంది కన్యక.

"ఏం లేదు. గా మిషను ఇంట్లనే ఉండనీ."

నా కొడుకు పోయిన ఆనాడు, బాలింత గదిలో కుంపటి ఆరిపోతుంటే, ఇంకిన్ని బొగ్గులు వేయమని అత్తను బతిమాలింది నేనే.