తప్పు మాటకో చెంపదెబ్బ

బావ ఇంగ్లీషు నేర్పే పద్ధతి ఒకటే. తప్పు మాట్లాడితే చెంప పగలగొట్టడం.

అక్క మొగుడు, పైగా ఈ పరాయి దేశానికి రప్పించి తను పనిచేసే మాంసం ఫ్యాక్టరీలోనే పని ఇప్పించినవాడు. అందుకే చిన్నోడు ఎదురు చెప్పేవాడు కాదు. ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంట్లో అతను చిన్నోడే. సాయంత్రం కంచం ముందు కూర్చోగానే పాఠం మొదలయ్యేది.

"కత్తి పదునుగా లేదు. ఎట్లా చెప్తావు?"

చిన్నోడు మాటలు కూడబలుక్కుని, "నైఫ్ ఈజ్ నో షార్ప్" అన్నాడు.

చెంప ఛెళ్లుమంది. నోట్లో ముద్ద కంచంలో పడింది.

"నో కాదురా, నాట్. నాకూ తన్నే నేర్పారు. నాకు రాలేదా?"

అక్క అడ్డం వచ్చింది. బావ విసిరిన మోచెయ్యి తగిలి ఆమె పెదవి చిట్లింది. కొంగుతో నెత్తురు అద్దుకుంటూనే ఆమె వంటగదిలోకి తమ్ముణ్ణి లాక్కెళ్లింది. హోటల్ గదులు ఊడుస్తూ, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ ఇంగ్లీషు పట్టిన మనిషి ఆమె.

"విడి మాటలు బట్టీ పట్టకు. నలుగురూ అనే వాక్యాన్ని ఉన్నదున్నట్టు పట్టుకో. చేసే పని పైకి చెప్పుకుంటూ చెయ్యి. తప్పు వస్తే రానీ, నోరు మాత్రం మూసుకోకు."

చిన్నోడు తలూపాడు. కానీ నోరు తెరవబోతే చాలు, చెంప ముందే మండేది.

ఫ్యాక్టరీలో కొక్కేలకు వేలాడే మాంసపు కండలను గొలుసు లాక్కుంటూ పోయి ఎముకలు కోసే రంపానికి అందిస్తుంది. ఆ రోజు బావ ఇరుక్కున్న కండను సర్దబోతే చేతి తొడుగు గొలుసులో చిక్కుకుంది. గొలుసు అతని చేతిని రంపం వైపు ఈడ్చుకుపోసాగింది. బావ అరిచాడు, తెలుగులో. గొలుసును ఆపే మీట దగ్గరున్న మీసాలాయనకు తెలుగు రాదు. వాళ్లిద్దరికీ మధ్యలో ఉన్నది చిన్నోడొక్కడే.

నోరు తెరిచాడు. స్టాప్ ద మెషీనా, స్టాప్ మెషీనా? నాలుక మొద్దుబారింది. బావ కాళ్లు నేల మీద జారుతున్నాయి. గోడకు నెత్తురు చిమ్మింది.

"హ్యాండ్! హిజ్ హ్యాండ్ గోయింగ్! ఆఫ్, ఆఫ్!"

మీసాలాయన మీట లాగాడు. అప్పటికే కుడిచేతి వేళ్లు మూడు తెగి, కింద నురుగు నీళ్లలో పడున్నాయి. చిన్నోడే వాటిని ఏరి గుడ్డలో చుట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగింది. మంచం పక్కన నిలబడి చిన్నోడు చెప్పసాగాడు. "చైన్ పుల్ హిజ్ గ్లవ్, అండ్ హి కమింగ్ టు సా..."

మత్తులోనే బావ మూలిగాడు. "పుల్ కాదురా, పుల్డ్." అలవాటుగా ఎడమచెయ్యి లేచింది.

చిన్నోడు ఆ మణికట్టు పట్టుకుని మంచం పట్టీకేసి అదిమాడు. ఎముక కింద నరం కొట్టుకోవడం తెలుస్తోంది. ఇంకాస్త తిప్పితే విరుగుతుంది. విరవాలనిపించింది.

"ఇంకోసారి ఎత్తావంటే, బావా, ఇదీ మిగలదు. నేనిట్లాగే తప్పులతోనే మాట్లాడతా. విను."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. అన్నీ చూసింది. వదలమని అనలేదు.

వేళ్లు అతకలేదు. గొలుసు దగ్గర ఆ ఒక్క క్షణం తనకు మాట రాలేదా, తనే రానివ్వలేదా అన్నది చిన్నోడికి తేలలేదు. ఆ సంగతి అక్కతో కూడా అనలేదు.

నెల తర్వాత బావకు కూర్చుని చేసే పని అడగడానికి ఇద్దరూ ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లారు. చిన్నోడే మాట్లాడాడు. వాక్యానికో తప్పు. బల్ల వెనక మనిషి ఓపిగ్గా విని, గేటు దగ్గర కాపలా పని ఉందన్నాడు.

బావ పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు. అతని పెదవులు ఒకట్రెండుసార్లు కదిలాయి గానీ, మాట బయటికి రాలేదు.