ఎడమ పక్క బండి

ముందు గడియారం, తర్వాత బెల్టు, చివర ఉంగరం. రోజూ అదే వరస. మూడింటినీ రేకు డబ్బాలో పెట్టి, చొక్కా గుండీల మీద భార్య కుట్టిన గుడ్డపట్టీ సరిగ్గా కప్పిందో లేదో తడిమి చూసుకుని, అప్పుడుగాని బండి దగ్గరికి వెళ్లడు. ఒంటి మీద గట్టిది ఏదున్నా బండికి గీత పడుతుంది. బెల్టు లేని ప్యాంటుకి తాడు కట్టుకుంటాడు. చూసి నవ్వినవాళ్లున్నారు. నవ్వితే నవ్వనీ! పంతొమ్మిదేళ్లుగా ఈ షోరూములో జర్మనీ కార్లు తుడుస్తున్నాడు, ఒక్క దానికీ గీత పడలేదు. అందుకే అతను అందరికీ మెరుపు బాబాయ్. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ దాన్ని పలికే నాథుడు లేడు.

ఆర్నెల్లుగా మాత్రం బాబాయ్ పొద్దున లేస్తూనే భయపడుతున్నాడు. ముందు ముదురు రంగులన్నీ ఒక్కటైపోయాయి. తర్వాత చిన్న అక్షరాలు పోయాయి. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని కళ్ల డాక్టరు చెప్పేసింది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు. వాళ్ల నాన్నకీ ఇదే వయసులో ఇదే జబ్బు. చూపు పోయాక ఆయన వంటింటి గుమ్మం పక్క కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న బల్లని తువ్వాలుతో తుడుస్తూనే ఉండేవాడు. "శుభ్రంగానే ఉంది నాన్నా" అంటే కాసేపు ఆగేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ కుర్చీ ఇప్పటికీ ఇంట్లో ఉంది. బాబాయ్ దాని పక్కనుంచి వెళ్లాల్సి వస్తే తల తిప్పుకుని వెళతాడు.

"బాబాయ్, నా పని అయిపోయింది" అంటూ కొత్తమ్మాయి వచ్చింది. అమ్మకాల్లో చేరి మూడు నెలలైంది, ఇంకా పర్మనెంటు కాలేదు. "కార్ల పేర్లన్నీ కలిసిపోతున్నాయి. సాయంత్రం డెలివరీ నా మొదటిది. ఏమాత్రం తేడా వచ్చినా ఇంటికి పొమ్మంటారు."

"అక్షరాలూ అంకెలూ బట్టీ కొడితే కలిసిపోక ఏమవుతాయమ్మా? రా, చేత్తో నేర్చుకో."

ఆమె చెయ్యి పట్టుకుని పొడుగు కారు వెనక తలుపు మీద పెట్టించాడు. "ఇది వెనక కూర్చునేవాళ్ల బండి. ముందు తలుపు కంటే వెనకది పొడుగు, చూశావా? కొనేవాడు స్టీరింగు వంక కన్నెత్తి చూడడు. నువ్వు ఇంజను గురించి వాగకు. వెనక తలుపు తీసి పక్కకి జరుగు, కాళ్లు చాపుకుని వాడే కొనుక్కుంటాడు." పక్కది ఎత్తు బండి. "దీని తలుపు వేస్తే బీరువా వేసినట్టుంటుంది. కొండలెక్కుతుందని కొంటారు, ఆనక బడి దగ్గర పిల్లల్ని దింపుతారు." పైకప్పు గుడ్డతో చేసినదాన్ని దూరం నుంచే చూపించాడు. "దీని కప్పుకి పాలిష్ అంటిందంటే చచ్చామే." తలుపులు పైకి లేచే పసుపు రంగు స్పోర్ట్సు కారు దగ్గర ఆమెను వంగమన్నాడు. "మూతి నేలకి జానెడు ఎత్తు. ఇందులో ఎక్కడం ఉండదు, దిగడమే. నడుంనొప్పి ఉన్నవాడికి చూపించావో, సగంలో ఇరుక్కుని నిన్ను తిడతాడు." కరెంటుతో నడిచేదానికి మాత్రం అతను ఓ దండం పెట్టాడు. "చప్పుడే ఉండదు తల్లీ. వెనక నుంచి వచ్చిందంటే గుండె ఆగినంత పనవుతుంది."

ఆమె పకపకా నవ్వింది. "మరి సాయంత్రం నేనిచ్చేది?"

"రెండు తలుపులది. ఇటు మెత్తదనం, అటు ఉరుకు, రెండూ ఉన్నది. అన్నిట్లో అందగత్తె అదే."

ఆమె చీటీ చేతిలో పెట్టింది. "ముదురు నీలం బాబాయ్. బండి నంబరు రాశాను. దాని పక్కన నల్లది కూడా ఉంది, జాగ్రత్త."

చీటీ మీద అతనికి తెల్లదనం తప్ప ఏమీ కనబడలేదు.

వెనక షెడ్డులో రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే సీట్లు. మామూలు రోజైతే యార్డు డ్రైవర్ని సరదాకి అడిగినట్టు అడిగేవాడు, "ఇవాళ ఎవరెక్కడ పడుకున్నార్రా?" అని. డ్రైవరు నీలాన్ని ఎప్పుడూ ఎడమ పక్కే పెడతాడు. ఆర్నెల్లు ఆ ఎడమే అతన్ని కాపాడింది. ఇవాళ డ్రైవరు సెలవు. రాత్రి బండ్లను ఎవరు సర్దారో తెలియదు.

ఎవరినైనా పిలిచి నంబరు చదవమంటే సరిపోయేది. కానీ కళ్లజోడు మరిచిపోయానన్న సాకు ఈ నెలలో నాలుగుసార్లు వాడేశాడు. ఐదోసారి అడిగితే ఏమనుకుంటారో! అటూ ఇటూ చూసి, తన నల్ల బూటు విప్పి బంపరు పక్కన పెట్టాడు. రెంటి రంగుకీ తేడా లేదు. రెండో బండి పక్కనా పెట్టాడు. అక్కడా లేదు. బూటు తొడుక్కుని, ఎడమ పక్క బండి మీద చెయ్యి వేశాడు.

నాలుగు గంటలు తుడిచాడు. అరచేతి వెనక వైపుతో తడిమి, ఇసుక రేణువు తగిలిన చోటల్లా ఊది, మళ్లీ తుడిచాడు. చక్రాల మధ్య వేళ్లు దూర్చి నల్లటి పొడి తీశాడు. ఇంత బాగా ఎన్నడూ చెయ్యలేదు. ఇది నీలమే అనుకుంటూ చేశాడు. నీలమే, కాక ఏమవుతుంది? మూడున్నరకి బండి మీద ఎర్ర పట్టుగుడ్డ కప్పి, ఇద్దరు మనుషుల సాయంతో హాల్లోకి తోయించాడు.

కొనేవాళ్లు ముగ్గురు వచ్చారు. తండ్రి, తల్లి, పదేళ్ల కూతురు. రంగు ఎంచింది ఆ పిల్లేనట. కొత్తమ్మాయి నవ్వుతూ గుడ్డ కొస పిల్ల చేతికిచ్చింది. బాబాయ్ స్తంభం వెనక నిలబడి వింటున్నాడు. చూసి ప్రయోజనం లేదు, చెవులే దిక్కు. గుడ్డ జారిన చప్పుడైంది. చప్పట్లు పడాలి.

పడలేదు.

"ఇది నల్లది కదా నాన్నా!" అంది పిల్ల.

బాబాయ్ స్తంభాన్ని పట్టుకున్నాడు. మేనేజరు పరుగున వచ్చి వాళ్లకి క్షమాపణ చెప్పి, నీలం బండి అరగంటలో సిద్ధమవుతుందని లోపల కూర్చోబెట్టాడు. తిరిగొచ్చి గొంతు తగ్గించాడు.

"నంబరు రాసిచ్చింది నువ్వే కదమ్మా? బాబాయ్ పంతొమ్మిదేళ్లలో ఒక్క బండీ తప్పు పెట్టలేదు. ఏదీ, ఆ చీటీ?"

తుడవడం అయ్యాక బాబాయ్ చీటీని ఆమెకే తిరిగిచ్చేశాడు. చూపిస్తే చాలు, ఆమె గట్టెక్కిపోతుంది. బాబాయ్‌కి కాగితం నలిగిన చప్పుడు వినబడింది. పిడికిట్లో మెల్లగా, పూర్తిగా నలిపేసిన చప్పుడు.

"నేనే తప్పు రాశాను సార్" అంది.

ఈ అమ్మాయికి తన కళ్ల సంగతి తెలుసన్నమాట! ఎప్పటినుంచి తెలుసో. మాట్లాడకపోతే రేపు కూడా డబ్బాలో ఉంగరం పెట్టుకోవచ్చు. మాట్లాడితే కుర్చీ. వంటింటి గుమ్మం, బల్ల, తువ్వాలు. ఆ కుర్చీ అంటే ఎంత భయమో అతనికి ఒక్కడికే తెలుసు. అయినా స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

"అమ్మాయి సరిగ్గానే రాసింది సార్. నాకే కనబడలేదు. నలుపో నీలమో ఆర్నెల్లుగా తెలియడం లేదు."

"ముందే చెప్పొచ్చు కదా బాబాయ్" అన్నాడు మేనేజరు, తిట్టడానికి మనసు రానట్టు. "ఇంటికెళ్లి చూపించుకో. ఇక... రాకు."

"అలాగే సార్."

డబ్బా దగ్గరికి తడుముకోకుండానే వెళ్లాడు. ముందు ఉంగరం, తర్వాత బెల్టు, చివర గడియారం. సాయంత్రపు వరస అది. బెల్టు బకిలు ఎక్కడ తగులుతుందోనని కార్లన్నిటికీ దూరంగా, గోడవారగా నడిచాడు. కొత్తమ్మాయి తలుపు దాకా వచ్చింది.

"బాబాయ్, రోడ్డు దాటించనా?"

"ఇక్కడి దాకా రోజూ నేనే కదమ్మా వస్తున్నాను" అన్నాడు. అని కూడా మెట్ల మీద కాసేపు నిలబడిపోయాడు. బయట వెలుగంతా ఒకటే బూడిద రంగులో ఉంది. భయంగా ఉంది. ఇంట్లో ఆ కుర్చీ ఎదురు చూస్తోంది. వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున కొత్తమ్మాయి హాల్లోకి వెళ్లేముందు అలమర దగ్గర ఆగింది. బాబాయ్ రేకు డబ్బా అక్కడే ఉంది, మూత తీసి పక్కన పెట్టి ఉంది. తన చేతి గడియారం విప్పి లోపల పెట్టబోయి ఆగింది. డబ్బా అడుగంతా తుప్పు. ఒక మూల మాత్రం, పంతొమ్మిదేళ్లుగా ఉంగరం పడిన చోట, చిన్న గుండ్రం తళతళలాడుతోంది. గడియారాన్ని దానికి తగలకుండా పక్కగా పెట్టింది.