ఏ ముఖం పైకి?

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి! చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. అరచేతిలో పట్టే ఒక స్ఫటికం కోసం కొండంత గొడవ జరిగింది, అదీ నిజంగానే కొండ కింద.

ఇటలీలోని అబ్రుజ్జోలో హైవే సొరంగం మధ్యలోంచి పక్కకి మళ్ళితే వచ్చే ల్యాబ్‌లో ఒర్నెల్లా పనిచేస్తుంది. ఆమె పని స్ఫటికాలు పెంచడం. కొలిమిలో కరిగిన పదార్థానికి చిన్న విత్తనపు ముక్క తాకించి, తిప్పుతూ తిప్పుతూ నెమ్మదిగా పైకి లాగాలి. అంతా బాగానే వచ్చిందనుకునేలోపు చల్లారుతూ చల్లారుతూ టప్పున పగిలిపోతుంది. అలా ఎన్నో పగిలాక బతికి బట్టకట్టిన మొదటి స్ఫటికం ఇది.

మామూలు స్ఫటికానికి ఏ వైపునుంచి ఏ కణం తగిలినా పుట్టే మెరుపు ఒకటే. ఇది మాత్రం మూడు దిక్కుల్లో మూడు రకాలుగా మెరుస్తుంది! డార్క్ మ్యాటర్ ఉంది చూశారూ, గెలాక్సీ అంతా నిండి ఉండి కూడా ఎవరికీ దొరకని చీకటి పదార్థం, అది మనమీదికి హంస నక్షత్రాల వైపునుంచి గాలిలా వీస్తుందని లెక్క. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ గాలి స్ఫటికానికి ఒకసారి నెత్తిమీద, ఒకసారి పక్కనుంచి తగలాలి. అంటే మెరుపులు ప్రతిరోజూ ఒక లయలో పెరిగి తగ్గాలి.

ఆ వసంతంలో లయ కనిపించింది.

"ఒర్నెల్లా, చూడవే, చూడు! గ్రాఫా ఇది? ఒంటె మూపురం!" అని కేకేశాడు సవేరియో. ఆమెతో కలిసి చదువుకున్నవాడే. స్ఫటికాన్ని పెట్టెలో బిగించింది కూడా అతనే.

పెద్దాయన ప్రొఫెసర్ బెరార్దో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "వేసవిలో వాలెన్సియాలో శాస్త్రవేత్తల సభ ఉంది. అందరికన్నా ముందు మనమే చెప్తున్నాం. బొమ్మలు సిద్ధం చెయ్ అమ్మాయ్!"

ఒర్నెల్లా ఉద్యోగం డిసెంబరుతో సరి. ఈ మూపురం నిలబడితే ఆమె ఉద్యోగమూ నిలబడుతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆమె హుషారుగా కూర్చుని సభ కోసం బొమ్మ గీస్తోంది. స్ఫటికాన్ని పాచిక ఆకారంలో కోశారు, చూడ్డానికి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. పైకి బాణం గుర్తు వెయ్యబోతూ ఊరికే అడిగింది.

"సవేరియో, చుక్క ఉన్న ముఖమే కదా పైకి పెట్టావ్?"

"ఏ చుక్క?"

"పై ముఖానికి గుర్తుగా నేను పెన్సిల్‌తో పెట్టిన చుక్క."

సవేరియో కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టాడు. "అది చుక్కా? మురికి అనుకున్నానే."

"అనుకుని?"

"కడిగేశా. శుభ్రంగా."

తిడదామన్నా తిట్టడానికి లేదు. అక్కడ శుభ్రమంటే మామూలు శుభ్రం కాదు. వేలిముద్రలో అంటిన చెమటలో ఉండే కాస్త పొటాషియం కూడా దొంగ మెరుపులు పుట్టిస్తుంది. కడగడమే వాళ్ళకి సగం ఉద్యోగం.

"మీ అమ్మ గిన్నెలు తోమమంటే ఈ శ్రద్ధంతా ఎక్కడికి పోయేదిరా?" అంది ఒర్నెల్లా.

"ఇప్పుడు మా అమ్మెందుకే మధ్యలో!"

"ఏ ముఖం పైకుంటేనేం? లయ కనిపిస్తోంది కదా" అన్నాడు ప్రొఫెసర్.

"కనిపిస్తోంది సరే, అది గాలిదేనని ఎలా చెప్తాం ప్రొఫెసర్ గారూ? పక్క ముఖం గనక పైకుంటే మూపురం ఉన్నచోట గొయ్యి ఉండాలి."

"అయితే విప్పి చూద్దాం."

"విప్పితే వెలుతురు తగులుతుంది. ఇక వారాల తరబడి దానంతటదే మెరుస్తూ కూర్చుంటుంది. విప్పొద్దు. పెట్టెనే పక్కకి వాల్చేద్దాం. గాలి వల్ల వచ్చిన లయ అయితే, ఏ ముఖం ఎటున్నా సరే, మారి తీరాలి."

పెట్టె చుట్టూ సీసపు గోడలు. లోపలి ఇరుసుని తిప్పే చక్రం మాత్రం బయటికి ఉంటుంది. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ప్రొఫెసర్ గొంతు తగ్గించాడు. "వాల్చితే లెక్కంతా మొదటికొస్తుంది. శరత్కాలం దాకా ఆగాలి. వాలెన్సియా పోతుంది. నీ డిసెంబరు సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను. అందుకే నేనే తిప్పుతాను."

"కడిగింది నేను, నేను తిప్పుతా" అని లేచాడు సవేరియో.

"నువ్వు దయచేసి ఏదీ ముట్టుకోకు!"

చక్రం బిగుసుకుపోయి ఉంది. ఒర్నెల్లా రెండు చేతులూ వేసి పట్టుకుంది. కళ్ళ ముందు మూపురమే కనబడుతోంది. ఎంత అందంగా ఉంది! ఇలాగే వదిలేస్తే ఎవరు అడుగుతారు? చుక్క సంగతి తెలిసింది ముగ్గురికే. పళ్ళు బిగబట్టి తిప్పింది. లోపల పెట్టె కిర్రుమంటూ పక్కకి వాలింది.

వేసవి గడిచింది. వాలెన్సియాకి ఎవరెవరో వెళ్ళారు, వీళ్ళు వెళ్ళలేదు. ప్రొఫెసర్ కొన్నాళ్ళు ముభావంగా తిరిగి, చివరికి ఒక ఆదివారం తనే ఇద్దర్నీ పిలిచి పుల్లలకి గుచ్చి కాల్చిన గొర్రె మాంసం తినిపించాడు.

శరత్కాలంలో కొత్త గ్రాఫ్ వచ్చింది. మూపురం ఉన్నచోటనే ఉంది. ఇసుమంత కూడా కదల్లేదు.

అంటే అది హంస గాలి కాదు. మరేమిటా అని వెతకడం మొదలుపెట్టారు. రోజూ ఒకే వేళకి సొరంగంలో గాలి ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. అప్పుడు రాతిలోంచి ఊరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పెట్టె చుట్టూ చేరుతోంది. మెరుపులన్నీ దానివే!

"హంస గాలి అనుకుంటే ఫ్యాన్ గాలి అయిందే" అన్నాడు సవేరియో. ఒర్నెల్లా నవ్వింది, నవ్వుతూనే ముఖం పక్కకి తిప్పుకుంది.

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "వాలెన్సియాలో చెప్పేసి ఉంటే ఇవాళ ఏ ముఖం పెట్టుకుని తిరిగేవాళ్ళం అమ్మాయ్?"

"అదే కదా, ఏ ముఖమో తెలీకే ఇంత గొడవ!"

ఉద్యోగం మాత్రం పొడిగించలేదు. చూపించడానికి మూపురం లేదు మరి. ఆమె కొలిమి దగ్గరే ఉండి ఇంకో స్ఫటికం పెంచింది. అది పగలకుండా చల్లారింది. డిసెంబరు ఇంకా అయిపోలేదు. పాచికలా కోసి, నునుపు చేసి, పై ముఖం వైపుకి ఏటవాలుగా తెగేలా ఒక మూలని సన్నటి వజ్రపు రంపం కిందికి తెచ్చింది.

సవేరియో హడలిపోయాడు. "ఏం చేస్తున్నావే? మూల కొయ్యబోతే మొత్తం చీలిపోతుంది!"

"చీలితే ఇంకోటి పెంచుతా."

"ఎప్పుడు పెంచుతావ్? నెలాఖరుకి నువ్వుండవు కదా!"

"నేను కాకపోతే ఇంకొకరు పెంచుతారు. తెగిన మూల ఎటు వాలి ఉందో చూస్తే చాలు, ఏ ముఖం పైకో ఎవరికైనా తెలుస్తుంది. ఈ గుర్తుని నువ్వు కడగలేవురా."

రంపం తిరిగింది. తెల్లటి పొడి రాలింది. మూల తెగి పళ్ళెంలో టిక్కుమని పడింది. స్ఫటికం చీలలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. అంత అందమైన మూపురం తెరమీద ఉంది, చుక్క సంగతి బయట ఎవరికీ తెలియదు, మీ చేతులు ఆ చక్రం మీదున్నాయి. మీరైతే తిప్పేవారా?